మంచు ఊళ్ళో సొతెత్సు

సకాత, 1961 నవంబరు 18

అన్నయ్యకి, ఉతె వదినకి హరుయె రాసేది.

మీ ఉత్తరం అందింది. మేకపిల్ల కాలు బాగుపడినందుకు సంతోషం. గాలివానకి చెరకు పడుకుందన్నావు కానీ మళ్ళీ లేచిందో లేదో రాయలేదు. ఇక్కడ రోజూ వానే. సముద్రం మీంచి వచ్చే గాలికి చెవులు ఊడిపోతాయేమో అనిపిస్తుంది.

మొన్న మా అత్తగారు నన్ను ఊళ్ళో ఒక పాత షావుకారు ఇంటి తోట చూడడానికి తీసుకెళ్ళారు. ఏడాదికోసారి ఆ తోటని అందరికీ తెరుస్తారు. అక్కడ తోటమాలులు ఒక చెట్టుకి చలి బట్టలు తొడుగుతున్నారు. ఆకులన్నీ పైకి ఎత్తి, ఆడపిల్లకి జడ ముడేసినట్టు తాడుతో కట్టి, చుట్టూ వరిగడ్డి పేర్చి, నెత్తిన గడ్డితోనే అల్లిన టోపీ పెడుతున్నారు. వసంతం వచ్చేదాకా దానికి అదే కోటు. జనం చుట్టూ మూగి ముచ్చటగా చూస్తున్నారు. దగ్గరికెళ్ళి చూద్దును కదా, మన దీవి సొతెత్సు. మన చిలగడదుంప చేల గట్లు జారిపోకుండా నాటి, ఆ తర్వాత ఎవరూ తిరిగి చూడని సొతెత్సు.

నాకు నవ్వు ఆగలేదు. అత్తగారు నా చెయ్యి గిల్లి, "ఏమిటా నవ్వు? అందరూ చూస్తున్నారు" అన్నారు.

"మా ఊళ్ళో మేకలు దీని నీడన పడుకుంటాయి అత్తయ్యా" అన్నాను.

"ఊరుకో. ఎవరైనా వింటే నిజమనుకుంటారు" అన్నారు.

ఇంటికి వస్తుంటే దారంతా కళ్ళనీళ్ళు వస్తూనే ఉన్నాయి.

అన్నయ్యా, నాకు ఒక పిలక పంపుతావా? అమ్మ నాటిన పై చేని గట్టు మీదది. మా పెరడు చిన్నదే గానీ దక్షిణపు గోడ పక్కన ఎండ బాగా పడుతుంది. తోటపని పుస్తకంలో దీన్ని సైకస్ అని రాశారు. ఆ జాతిలో చలికి బాగా ఓర్చుకునేది ఇదేనట, గడ్డి కడితే మంచులో కూడా బతుకుతుందట. మరిచిపోకు.

నీ చెల్లెలు
హరుయె


తత్సుగొ, అమామి ఒషిమా
1961 డిసెంబరు 9

హరూ,

నీ ఉత్తరం నేను చదివాను, మీ వదిన చదివింది, మళ్ళీ నేను చదివాను. ఉతె ఒకటే మాట అంది. "అన్నం ఉన్న ఇంట్లో ఎవరైనా సొతెత్సు అడుగుతారా?" నాకూ అదే అనిపించింది.

నిజం చెప్పు. అక్కడ నీకు కడుపునిండా పెడుతున్నారా?

యుద్ధం అయ్యాక అమ్మ ఆ చెట్టు బోదె నరికి, ముక్కలు కోసి, నానబెట్టి, పులియబెట్టి, వాగులో నిలబడి కడిగి కడిగి, ఆ పిండితో గంజి కాచేది. నువ్వప్పుడు చిన్నదానివి, ఆ గంజి బాగుండేదని ఇప్పటికీ అంటావు. అమ్మ వేళ్ళు నానిపోయి తెల్లగా చచ్చినట్టు ఉండేవి, అది నీకు గుర్తుండదు. ఆకలికి ఆగలేక సరిగ్గా కడక్కుండా వండుకున్న ఇల్లు మన వాడలోనే ఉంది. ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు. అది విషం, తల్లీ. గడ్డి కోటు తొడిగినా విషమే.

దారంతా ఏడ్చానని రాశావు. మనిషి ఊరికే దారిలో ఏడవదు.

పిలక పంపను. బదులుగా ఒక మూట బియ్యం, బెల్లం పంపుతున్నాను. బియ్యం మీ అత్తగారి కంట పడకుండా దాచుకుని, ఆవిడ బయటికి వెళ్ళినప్పుడు వండుకో. బావగారికి కూడా చెప్పకు. ఇంకా కావాలంటే ఉత్తరంలో "ఇక్కడ వానలు ఎక్కువ" అని రాయి, నాకు అర్థమవుతుంది.

అన్న
తొకుజొ


సకాత, 1962 జనవరి 14

అన్నయ్యా,

ఎంత పని చేశావు.

నీ మూట పోస్టు మనిషి తిన్నగా మా అత్తగారి చేతికి ఇచ్చాడు. లోపల నువ్వు పెట్టిన చీటీ కూడా ఆవిడే చదివారు. ఈ ఊరు ఎలాంటిదో నీకు తెలుసా? ఈ దేశంలో వరి ఇక్కడ పండినంత ఇంకెక్కడా పండదేమో. నీ బావ పనిచేసేదే బియ్యం గోదాముల్లో. ఇంటికొచ్చి చొక్కా దులిపితే నూకలు రాలతాయి. అలాంటి ఇంటికి నువ్వు బియ్యం పంపావు, అదీ దాచుకుని వండుకోమని.

అత్తగారు ఆ గింజలు అరచేతిలో పోసుకుని చూశారు. తిట్టినా బాగుండేది. "మీ అన్నకి మా ఇంటి గురించి ఏం రాశావు?" అని మాత్రం అడిగారు. ఆ పూట నా గిన్నెలో అన్నం కొండలా పెట్టారు. మర్నాడు ఇంకా ఎక్కువ. నేను ఆఖరి మెతుకు తినేదాకా ఎదురుగా కూర్చుంటున్నారు. ఈ వారంలో నా నడికట్టు బిగుతైంది. ఇక్కడ వానలు ఎక్కువే, కానీ దయచేసి వాటికి ఇంకో అర్థం తీయకు.

నేను ఎందుకు అడిగానో సరిగ్గా చెప్పలేదు, నా తప్పే. ఈ ఇంటికి వచ్చి ఆరేళ్ళు అవుతోంది. వీళ్ళు చెడ్డవాళ్ళు కారు. కానీ మన ఊరి గురించి ఇంతవరకూ ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. నా యాస దిద్దుతారు, అంతే. గిన్నెలు, పరుపులు, గోడలు, అన్నీ నాకంటే ముందునుంచి ఇక్కడివే. ఆ రోజు ఆ తోటలో నేను చిన్నప్పట్నుంచి ఎరిగినది ఒకటి ఎదురుపడింది. అందుకే ఏడ్చాను. ఆకలికి కాదు.

బియ్యం పంపకు. పిలక పంపు.

హరుయె


తత్సుగొ, 1962 ఏప్రిల్ 3

హరూ,

మీ అత్తగారికి క్షమాపణ రాద్దామని చాలా కాగితాలు పాడుచేశాను. ఏది రాసినా ఇంకా అధ్వాన్నంగా వినిపిస్తోంది. ఉతె అంది, "నువ్వు రాయకపోవడమే ఆవిడకి పెద్ద క్షమాపణ" అని. కాబట్టి నువ్వే నా తరఫున ఆవిడ ముందు తల వంచు.

పిలక పంపుతున్నాను. అమ్మ నాటిన చెట్టుదే. గునపంతో విడదీస్తుంటే ఆకు ముళ్ళు మోచేతులదాకా గీరాయి. ఆ చెట్టుకి నేనంటే ఇంకా కోపం పోలేదు, చిన్నప్పుడు దాని మీద నీ అంతట నువ్వు పడలేదు, నేనే నిన్ను తోశానని దానికి గుర్తుంది కాబోలు.

ఇప్పుడు జాగ్రత్తగా విను. ఆకులన్నీ కోసేసి పంపుతున్నాను, బోడిగా ఉందని బెంగపడకు. విరిచిన చోట బూడిద పూసి నీడలో బాగా ఆరనివ్వు. ఆ తర్వాత ఇసుక కలిపిన మట్టిని గుట్టగా పోసి దాని మీద నాటు, గుంటలో నాటకు. ఎరువు వెయ్యకు. నీళ్ళు పొయ్యాలని చెయ్యి దురద పెడితే వెళ్ళి బట్టలు ఉతుక్కో. దీన్ని చంపేది చలి కాదు, చలిలో తడి. బీదనేలలో పెరిగింది, గారాబం పనికిరాదు.

ఇంకొకటి. దాని గింజ గానీ బోదె గానీ ఎవరినీ నోట పెట్టనివ్వకు. ఇది నవ్వే విషయం కాదు.

తొకుజొ


సకాత, 1962 ఆగస్టు 20

అన్నయ్యా, వదినా,

ఆకులు వచ్చాయి. వేసవి అంతా రాయిలా కూర్చుంది, నేను నమ్మకం వదిలేసుకున్నాను. నీ బావ అయితే "మీ అన్న మనకి కొబ్బరికాయ పంపాడేమో" అన్నారు. క్రితం వారం నడినెత్తిన బూరులాంటిది కనిపించింది. అందులోంచి మూడు ఆకులు, చుట్టలు చుట్టుకుని, చంటిపిల్ల పిడికిళ్ళలా మెత్తగా లేచాయి. ముట్టుకోవద్దని నువ్వు రాసి ఉంటే ఆగేదాన్నేమో, రాయలేదు కాబట్టి ముట్టుకున్నాను.

నీ బావ దానికి 'దీవి పిల్ల' అని పేరు పెట్టారు. ఇప్పుడు ఇంట్లో అందరం పిల్ల అనే అంటున్నాం. అత్తగారు మాత్రం దాని వైపు చూడరు. బట్టలు ఆరేసేటప్పుడు చుట్టూ తిరిగి వెళతారు.

హరుయె


సకాత, 1962 నవంబరు 29
(కార్డు)

అన్నయ్యా, తీరిక లేదు, ముల్లంగి ఊరగాయల రోజులు, అందుకే కార్డు. పిల్ల క్షేమం. ఆగస్టులో కళ్ళు తెరిచాక ఇదే దానికి మొదటి చలి. నేను తొడిగిన చొక్కా చూసి అత్తగారు, "పసిదాన్ని ఇలాగేనా చలిలో ఉంచేది?" అని నన్ను అవతలికి పొమ్మని, అంతా విప్పి, తన చేత్తో మళ్ళీ కట్టి, నెత్తిన టోపీ పెట్టారు. ఇప్పుడు నాకంటే ఆవిడకే దాని మీద ప్రాణం. పొద్దున్నే లేచి చూసి వస్తారు. మనసు తేలిగ్గా ఉంది.

హరుయె


తత్సుగొ, 1962 డిసెంబరు 20

మా బంగారు చెల్లెమ్మా,

ఇంత పెద్ద కబురు కార్డు మీద రాస్తావా? ఊరంతా చదివాక మా ఇంటికి వచ్చింది. పోస్టు మనిషి గుమ్మంలోంచే "తొకుజొ అన్నా, మేనమామవి అయ్యావు" అని అరిచాడు. జూన్ తర్వాత నీ నుంచి ఒక్క ఉత్తరమూ అందలేదు. ఆగస్టు తుఫానుకి ఓడలు ఆగిపోయాయి కదా, రాసినవి ఎక్కడో తడిసి పోయి ఉంటాయి. లేకపోతే నెలలు నిండుతున్న సంగతి నువ్వు మాకు చెప్పకుండా ఉంటావా?

ఉతె ఏడుస్తూనే మగ్గం దగ్గర మిగిలిన పట్టు ముక్కలన్నీ ముందేసుకుని కుట్టడానికి కూర్చుంది. పిల్లకి రెండు చొక్కాలు, ఒక బొంత, చెవులదాకా దిగే టోపీ పంపుతున్నాం. మీ అత్తగారు ఇప్పటికే టోపీ పెట్టారన్నావు, ఒకటి తడిస్తే ఇంకొకటి ఉంటుంది.

పేరేమిటో రాయనేలేదు. ఎవరి పోలిక? అమ్మ కళ్ళు వచ్చాయా? ఇన్నేళ్ళు నీకు ఉత్తరం రాసిన ప్రతిసారీ పిల్లల సంగతి అడగబోయి ఆగిపోయేవాణ్ణి. ఇప్పుడు అడగనవసరం లేకుండా పోయింది. మీ అత్తగారి గురించి నేను అనుకున్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నానని ఆవిడకి చెప్పు. అంటే అనుకున్న సంగతి చెప్పకు, తీసుకున్నట్టు మాత్రం చెప్పు.

మేనమామ
తొకుజొ


సకాత, 1963 ఫిబ్రవరి 17

అన్నయ్యా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక ఇన్నాళ్ళు ఆగాను.

పిల్ల అంటే మొక్క. నువ్వు పంపిన పిలక. నీకు ఆగస్టు ఉత్తరం అందలేదని నాకేం తెలుసు? చొక్కా అంటే గడ్డి, టోపీ అంటే గడ్డి టోపీ. కార్డు మీద చోటు లేక అలా రాశాను.

మీ పార్సెల్ మంచు మధ్యలో వచ్చింది. ఈ ఏడు పడిన మంచు ముసలివాళ్ళు కూడా ఎరగరట. కింది గది కిటికీలు పూడిపోయి పగలే దీపం పెట్టుకున్నాం. ఆ దీపం ముందు అత్తగారు పార్సెల్ విప్పారు. చొక్కాలు బయటికి తీసి ఒళ్ళో పరుచుకున్నారు. నా ముఖం చూశారు, తర్వాత నా పొట్ట చూశారు. ఆవిడ ముఖంలో వెలుగు వచ్చింది, అన్నయ్యా. ఆ వెలుగుని నేనే ఆర్పాల్సి వచ్చింది. నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆవిడ చొక్కాలు మడత పెడుతూ, "కుట్టు చాలా బాగుంది. మీ వదిన చెయ్యి మంచిది" అన్నారు.

నీకు ఎప్పుడూ రాయలేదు. పెళ్ళయిన రెండో ఏడు ఒకటి నిలవలేదు. ఆ తర్వాత ఇక ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పారు. నీ బావ, అత్తగారు నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడం కూడా బరువే.

ఇంకా ఉంది. ఆ మర్నాడు కప్పు మీది మంచు మొత్తం ఒక్కసారిగా జారి పెరట్లో పడింది. పిల్ల గడ్డి చొక్కాతో సహా దాని కింద పడిపోయింది. నేను నీళ్ళ కోసం వెళ్ళాను. వచ్చేసరికి అత్తగారు పార పట్టుకుని మంచులో ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. "లోపలికి రండి" అని నేను అరుస్తుంటే, "టోపీ చితికిపోయింది, నీళ్ళు లోపలికి దిగుతున్నాయి" అన్నారు. అంటూ కాలు జారి పడ్డారు. తుంటి విరిగింది. మంచం మీద ఉన్నారు, మళ్ళీ నడుస్తారో లేదో తెలియదు.

వదినని బాధపడొద్దని చెప్పు. చొక్కాలు తిరిగి పంపమంటే పంపుతాను.

హరుయె


తత్సుగొ, 1963 మార్చి 8

హరూ,

చొక్కాలు పంపకు. ఉంచుకో అని కూడా అనను. ఎవరి ఇంట్లోనైనా పిల్ల పుడితే ఇచ్చెయ్యి.

నీ ఉత్తరం ఉతెకి పైకి చదివాను. రెండో ఏడు సంగతి దగ్గరకి వచ్చేసరికి కాగితం తన చేతికి ఇచ్చేశాను, మిగతాది తనే చదివింది. ఒక్కదానివే మోశావు. నేను ఇక్కడ మేక కాలు గురించి రాస్తూ కూర్చున్నాను.

ముందు మొక్క సంగతి చెప్తాను, అదే నాకు తెలిసిన విద్య. మంచు పూర్తిగా పోయాక విప్పు. ఆకులు గోధుమరంగులో ఉంటే అన్నీ కోసెయ్యి. నడినెత్తిన వేలితో నొక్కి చూడు. గట్టిగా ఉంటే భయం లేదు. మెత్తగా ఉండి వాసన వస్తే, కత్తితో కుళ్ళంతా తోడి పారెయ్యి, గట్టి తెల్లటి కండ తగిలేదాకా ఆగకు. గుండె రాయి చేసుకుని కొయ్యి. బూడిద నింపి, వాన తగలకుండా పైన పలక పెట్టు. యుద్ధంలో మన వాడ కాలినప్పుడు గట్టు మీద చెట్లన్నీ బొగ్గయ్యాయి. నాన్న పెకలించబోతే అమ్మ అడ్డుపడింది. మరుసటి ఏడు నెత్తిన ఆకు రాలేదు గానీ పక్కల నుంచి పిలకలు వచ్చాయి.

ఇంకో మాట. ఇది ఉతె మాట, నేను రాస్తున్నానంతే. తనకి మళ్ళీ నెల తప్పింది. శరదృతువులో పురుడు. మాకు నలుగురున్నారు. "పుట్టబోయేది హరూ దగ్గర పెరగనీ" అంది ఉతె. "నీ మనసు ఒప్పుకుంటుందా?" అన్నాను. "నా మనసుని అడగకు, రాయి" అంది. మన వైపు ఇలా ఇచ్చిపుచ్చుకోవడం కొత్త కాదు. పాలు మరిచాక నేనే తీసుకొచ్చి అప్పజెప్తాను. ఈసారి కార్డు మీద జవాబు రాయకు.

తొకుజొ


సకాత, 1963 ఆగస్టు 25

అన్నయ్యా, ఉతె వదినా,

ఇన్ని నెలలు జవాబు రాయలేదంటే మీరేం అనుకుని ఉంటారో నాకు తెలుసు. నీ ఉత్తరం చూపించిన రోజు నీ బావ చదివి, పనికి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు తన గొడుగు, నా గొడుగు రెండూ పట్టుకుపోయారు.

ముందు మొక్క. ఏప్రిల్లో విప్పాం. నడినెత్తి కుళ్ళిపోయింది. అత్తగారు తలుపులు తీయించి, మంచం పెరటివైపు తిప్పించుకుని పర్యవేక్షణ. నేను కత్తి పట్టుకుని ఏడుస్తుంటే, "కళ్ళు తుడుచుకుని కొయ్యి. సగం కుళ్ళు వదిలావంటే మొత్తం పోతుంది. మీ అన్న రాయలేదూ?" అన్నారు. నీ ఉత్తరంలో మొక్క గురించి ఉన్న పేజీ ఆవిడ దిండు కింద ఉంది. తోడేశాక అది అడుగూడిన కుండలా ఉంది. బూడిద నింపాం, పలక పెట్టాం. జూన్ పోయింది, జులై పోయింది. పోయిన వారం బోదె పక్కన, దక్షిణం వైపు, రెండు మొటిమల్లాంటివి కనిపించాయి. నిన్న అందులో ఒకటి పగిలింది. లోపల ఆకుపచ్చ.

అత్తగారికి చెప్తే "నన్ను లేపు" అన్నారు. నా భుజం, కర్ర, రెండూ పట్టుకుని మంచం దిగారు. పడిన తర్వాత అదే మొదటిసారి. వరండా చివరిదాకా వచ్చి, కూర్చుని, చాలాసేపు చూశారు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. "అత్తయ్యా, మా అన్నావదినలు బిడ్డని ఇస్తామన్నారు" అని మొత్తం చెప్పాను.

"నువ్వేమనుకుంటున్నావు?"

"కావాలని ఉంది. చాలా కావాలని ఉంది. కానీ మా వదిన తన మనసుని అడగొద్దందట. అలా ఇచ్చేది నేను తీసుకోలేను."

ఆవిడ తల ఊపారు. తర్వాత, మొక్క వైపే చూస్తూ చెప్పారు. "నన్ను ఈ ఊరికి పెంపకానికి ఇచ్చినప్పుడు నాకు నాలుగేళ్ళు. మా అమ్మ నాకు కొత్త బట్టలు తొడిగింది, పండగనుకున్నాను. ఇక్కడివాళ్ళు మంచివాళ్ళు, కడుపునిండా పెట్టారు. ఏమీ తక్కువ చెయ్యలేదు. అయినా చాలా ఏళ్ళు, ఎవరైనా నాకు కొత్త బట్టలు తెస్తే పరుపుల అలమారలో దూరి దాక్కునేదాన్ని."

"మీది ఏ ఊరు అత్తయ్యా?" అన్నాను.

మొగామి నది ఎగువన ఒక కొండ పల్లె అట. ఊరి పేరు చెప్పారు. ఊరి బాట, ఏటి ఒడ్డున పట్టిన చిన్న చేపలు, వాళ్ళ అమ్మ చీటికీమాటికీ తుమ్మడం, అన్నీ చెప్పారు. నీ బావ పని నుంచి వచ్చి గుమ్మంలోనే చెప్పులు విప్పకుండా నిలబడి విన్నారు. ఆయనకి కూడా ఇవన్నీ కొత్తే. తర్వాత ఆవిడ నా వైపు తిరిగి, "ఇప్పుడు నువ్వు చెప్పు, మీ దీవిలో సముద్రం ఇంట్లోంచి కనిపిస్తుందా?" అని అడిగారు. చెప్పాను. పొయ్యి మీద పులుసు మాడిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు.

కాబట్టి వదినా, పాప నీ దగ్గరే ఉండాలి. నువ్వు ఇస్తానన్న మాట నాకు చాలు, అది జన్మంతా దాచుకుంటాను. అన్నయ్యా, తన ముందు దీని గురించి మళ్ళీ ఎత్తకు. పురుడు అయ్యేదాకా బరువులు ఎత్తనివ్వకు.

మంచు కరిగాక, ఏప్రిల్ చివర, మీరందరూ ఇక్కడికి రావాలని అత్తగారు రాయమన్నారు. "పిల్లలు గోల చేస్తారు" అన్నాను. "చెయ్యనీ. ఈ ఇంట్లో నా గొంతు ఒక్కటే విని విని నాకే విసుగొచ్చింది" అన్నారు. దారి చాలా దూరం, ఓడ, తర్వాత రైళ్ళు. వదిన పాపని ఎత్తుకుని ఎంత అలిసిపోతుందో నాకు తెలుసు. స్టేషన్‌కి నేను వస్తాను. ఆ పూట పాపని నేను ఎత్తుకుంటాను, వదిన హాయిగా నిద్రపోవచ్చు. సాయంత్రానికి తిరిగి ఇచ్చేస్తాను.

హరుయె